ఆ అరలో మన తెలుగు విమానం ఎందుకు లేదు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మోడల్ విమానాలు పోగుచేసే వాళ్ల గురించి వేసిన పేజీ చదివాను. మాలాంటి వాళ్ల మీద తెలుగు పత్రికలో ఒక పేజీ రావడమే సంతోషం, ముందు అది చెప్పాలి. కానీ అందులో ఒకచోట, ప్రపంచంలో ఏ విమాన సంస్థ కావాలన్నా ఇప్పుడు మోడల్ దొరుకుతుందని రాశారు. అది చదివాక ఊరుకోలేకపోయాను. దొరకదండీ. ఇరవై ఏళ్లుగా కొంటున్నాను, మనకి కావలసినవి మాత్రం దొరకవు.

మా ఇల్లు విశాఖపట్నం మర్రిపాలెంలో. ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి చిన్నప్పుడు సాయంత్రం అయితే మా నాన్న సైకిల్ మీద ఎన్ఏడీ కొత్తరోడ్డు వైపు తీసుకెళ్లేవారు, దిగే విమానం చూపించడానికి. అప్పట్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒక్కటే, నారింజ రంగు తోక. ఆ తోక మీద మోజే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది. ఇప్పుడు మా ముందు గదిలో అద్దాల బీరువాలో 64 విమానాలున్నాయి, దాదాపు అన్నీ 1:400 స్కేలువి. అంటే అసలు విమానాన్ని నాలుగు వందలో వంతుకి కుదించినవన్నమాట. 70 మీటర్ల 747 పదిహేడున్నర సెంటీమీటర్లు వస్తుంది, మనం రోజూ ఎక్కే ఏ320 తొమ్మిదిన్నర సెంటీమీటర్లు కూడా రాదు, అరచేతిలో పట్టేస్తుంది. ప్లాస్టిక్ కాదు. జింక్‌లో కొంచెం అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన లోహాన్ని కరిగించి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కిస్తారు, దీన్నే డైకాస్ట్ అంటారు. అందుకే చేతిలోకి తీసుకోగానే చల్లగా, బరువుగా తగులుతుంది. పైన రంగు వేశాక కిటికీలు, అక్షరాలు, తలుపుల గీతలు మెత్తటి సిలికాన్ ముద్దతో ఒక్కో రంగుకీ ఒక్కోసారి అద్దుతారు. భూతద్దం పెట్టి చూస్తే రెక్క కింద రిజిస్ట్రేషన్ నంబరు కూడా చదవచ్చు.

ఈ నంబరు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే బయటి వాళ్లకి అది బొమ్మ, మాకు అది ఫలానా విమానం. వీటీ-ఈబీడీ అంటే 1971లో ఎయిర్ ఇండియాకి వచ్చిన మొదటి 747, పేరు ఎంపరర్ అశోక. కిటికీల చుట్టూ రాజస్థానీ ఝరోకాలు, అంటే కోటల్లో ఉండే గోపురపు కిటికీల్లాంటివి, గీసి ఉండేవి. 1978 జనవరి 1న బొంబాయి నుంచి లేచిన కాసేపటికే సముద్రంలో కూలిపోయి అందులో ఉన్న 213 మందీ పోయారు. ఆ కాలపు ఝరోకాల రంగులు ఇవాళ్టి పిల్లలకి ఇలాంటి మోడళ్ల వల్ల కూడా తెలుస్తాయి. మా అబ్బాయికి అలాగే తెలిసింది. బీరువా ముందు నిలబడి ఈ కిటికీలకి గోపురాలెందుకున్నాయి నాన్నా అని అడిగాడు.

ఇక ఏ సంస్థలకి మోడళ్లు వస్తాయి అన్నది. ఎమిరేట్స్, లుఫ్తాన్సా, బ్రిటిష్ ఎయిర్‌వేస్, డెల్టా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, వీటికి లెక్కే లేదు. ఒకే రకం విమానం, కాస్త వేరే స్టిక్కరు వేస్తే చాలు, ఇంకో మోడల్ వచ్చేస్తుంది. మూతపడిన సంస్థలు కదా అని వదిలేస్తారనుకోకండి. అమెరికా వాళ్ల పాన్ యామ్ 1991లో మూతపడింది, ఇప్పటికీ కొత్త మోడళ్లు వస్తూనే ఉన్నాయి. అక్కడిదే బ్రానిఫ్ 1982లో ఆగిపోయింది, దాని రంగురంగుల విమానాలు ఒక్కొక్కటీ వెతుక్కుని కొనేవాళ్లున్నారు. అంతెందుకు, డెబ్బైల చివర్లో ఒక కాంకార్డ్‌కి ఎడమ వైపు సింగపూర్ ఎయిర్‌లైన్స్ రంగు, కుడి వైపు బ్రిటిష్ ఎయిర్‌వేస్ రంగు వేసి కొన్నాళ్లు తిప్పారు. సగం ఒకరిది, సగం ఒకరిది. దాన్ని కూడా వదలకుండా మోడల్ చేశారు.

నా 64లో మన దేశానివి పదకొండు. ఎయిర్ ఇండియావి నాలుగు, జెట్ ఎయిర్‌వేస్, కింగ్‌ఫిషర్, ఇండిగో, విస్తారా మిగతావి. తెలుగు నేల మీద పుట్టిన సంస్థది, కొన్న మోడల్ ఒక్కటి కూడా లేదు. నేను కొనకపోవడం వల్ల కాదు, అమ్మేవాళ్లు లేక.

మన సంస్థలేవండీ అని అడిగేవాళ్లు కూడా ఉంటారు, అదే నాకు ఎక్కువ బాధ. 1945లో హైదరాబాద్‌లో డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు, నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి. బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపారు. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌ని మిగతా సంస్థలు వద్దంటే ఉద్యోగం ఇచ్చింది ఈ డెక్కన్ ఎయిర్‌వేసే. 1953లో ప్రైవేటు సంస్థలన్నిటినీ జాతీయం చేసినప్పుడు ఇది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటా మోడళ్లు ప్రపంచంలో ఎన్ని సంస్థల రంగుల్లో వచ్చాయో లెక్క పెట్టలేం, దీనిది మాత్రం ఇరవై ఏళ్లలో నా కంట పడలేదు. తర్వాత 2013 అక్టోబరులో విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా వచ్చింది. బ్రెజిల్ వాళ్ల ఎంబ్రాయర్ జెట్లు, ఈ170, ఈ190. 2014 సింగపూర్ ఎయిర్ షోలో ఏకంగా 50 కొత్త ఈ2 జెట్లకి ఆర్డరు ఇస్తున్నామని ప్రకటించారు, ఒక తెలుగు కంపెనీ. 2017 ఫిబ్రవరి చివర్లో ఆగిపోయింది. 2015 జూలైలో హైదరాబాద్ నుంచి ట్రూజెట్ మొదలైంది, ఏటీఆర్ 72 విమానాలతో. కడప లాంటి ఊళ్లకి విమానం అంటే చాలామందికి ట్రూజెట్టే. అది 2022లో ఆగింది.

మా అమ్మ జీవితంలో మొదటిసారి విమానం ఎక్కింది ఎయిర్ కోస్టాలో. హైదరాబాద్‌లో మా చెల్లెలి పురిటికి వెళ్లాలి, రైలు టికెట్లు లేవు. అమ్మకి ఒకటే టెన్షన్, అటొకడు ఇటొకడు మధ్యలో నేను ఇరుక్కుంటానేమో అని. ఆ విమానంలో మధ్య సీటే ఉండదు, ఇటు రెండు అటు రెండు. కిటికీ పక్కన కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. డాల్ఫిన్స్ నోస్ కనపడగానే నా చెయ్యి పట్టుకుని అదిగోరా మన కొండ అంది. అమ్మ ఇప్పుడు లేదు. ఆ విమానం నా బీరువాలో ఉండాలని కోరుకోవడం పిల్ల చేష్ట అని మీ వ్యాసం కింద కామెంట్లో ఎవరో అన్నట్టు నేను అనుకోను.

ఎందుకు లేవు అంటే, కారణాలు పెద్ద రహస్యమేమీ కాదు. ఒక కొత్త రకం విమానానికి అచ్చు తయారుచెయ్యడమే అసలు ఖర్చు. ఒకసారి అచ్చు చేశాక దాంతో ఎన్ని సంస్థల విమానాలైనా పోసుకోవచ్చు, మారేది రంగు మాత్రమే. అందుకే ఏ320, బోయింగ్ 737 నడిపే సంస్థలకి అదృష్టం బాగుంటుంది. ఏటీఆర్ లాంటి చిన్న విమానాలు నడిపేవాళ్లకి ఆ అవకాశం తక్కువ. రెండోది, ఇవి లక్షల్లో చేసే వస్తువులు కావు. ఒక్కో రంగులో కొన్ని వందలు, మహా అయితే వెయ్యీ రెండు వేలు పోస్తారు, అవి అమ్ముడైపోతే అంతే. ఆ కొన్ని వందలు కొనేవాళ్లు ఎక్కువగా అమెరికాలో, జర్మనీలో, జపాన్‌లో, హాంకాంగ్‌లో ఉన్నారు. వాళ్లకి ఏ విమానం చూస్తే గుండె కొట్టుకుంటుందో అదే తయారవుతుంది. మూడోది, పేరు, గుర్తు వాడుకోవడానికి ఆ సంస్థ అనుమతి కావాలి. పెద్ద సంస్థలు వాటంతట అవే ఆర్డరిచ్చి చేయించుకుని సొంత షాపుల్లో అమ్ముకుంటాయి. మూడున్నరేళ్లు కూడా నడవని సంస్థకి ఆ ఊపిరి ఎక్కడిది?

అయితే ఎయిర్ కోస్టా విషయంలో అచ్చు లేదని చెప్పడానికి వీల్లేదు. ఎంబ్రాయర్ 190 అచ్చు ఎప్పుడో ఉంది, కేఎల్ఎం, జెట్‌బ్లూ లాంటి వాళ్లు నడిపిన విమానమే కదా. రంగు వేస్తే అయిపోయేది. అడిగినవాడు లేడు, అంతే. ఇంకో సంగతి, సింగపూర్ నుంచి విశాఖకి కొన్నేళ్లు సిల్క్‌ఎయిర్ నడిపారు, దాని తర్వాత స్కూట్. ఈ రెండు సంస్థల మోడళ్లూ మార్కెట్లో ఉన్నాయి, నా దగ్గరా ఉన్నాయి. అంటే మన రన్‌వే మీద దిగిన సింగపూర్ వాళ్ల విమానం దొరుకుతుంది, అదే రన్‌వే మీద దిగిన విజయవాడ వాళ్లది దొరకదు.

మనదేశంలో కొనేవాళ్లు తక్కువ అంటారు. తక్కువే, కానీ ఎందుకు తక్కువ? ఈ మోడళ్లు కస్టమ్స్ లెక్కల్లో పిల్లల బొమ్మల పద్దులోకే వస్తాయి. 2020 బడ్జెట్లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు కూడా తప్పనిసరి. బయట నాలుగైదు వేలకి దొరికే విమానం ఇంటికి చేరేసరికి ఎంతవుతుందో మీరే వెయ్యండి లెక్క. పోయినేడు ఒక ఆన్‌లైన్ షాపులో నేను కట్టిన డబ్బులకి పార్సిల్ అయిదు వారాలు కస్టమ్స్‌లో ఉండి, చివరికి వెనక్కి వెళ్లిపోయింది, షాపువాడు సగం డబ్బే తిరిగి ఇచ్చాడు. నాతోపాటు కొనే ఇద్దరు కుర్రాళ్లు ఆ దెబ్బకి మానేశారు. ఇలా ఒక్కొక్కరూ తప్పుకుంటుంటే చైనాలో అచ్చు పోసేవాడి లెక్కలో మనం ఎక్కడుంటాం?

సుంకం పెంచడం తప్పని మాత్రం నేను అనను. మన బొమ్మలు చేసేవాళ్లు బతకాలని పెంచారు, చౌక ప్లాస్టిక్ వచ్చి పడి వాళ్లు ఎంత నష్టపోయారో మన జిల్లాల వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరులో ఆ ఐఎస్ఐ నిబంధన నుంచి నమోదైన హస్తకళాకారులకీ, ఫలానా ఊరి సొంత వస్తువని ఇచ్చే జీఐ గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాక లక్కబొమ్మలకి జీఐ 2017లోనే వచ్చింది. అది చదివిన రోజే నాకు ఆలోచన తట్టింది. విమానం ఒళ్లు పొడుగ్గా గుండ్రంగా ఉంటుంది, లేత్ మీద తిరిగే కర్రకి దానికంటే నప్పే ఆకారం ఏముంటుంది?

యలమంచిలి దాటి వరాహ నది ఒడ్డున ఆ ఊరు. తెలిసినాయన ద్వారా ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఎంబ్రాయర్ 190 బొమ్మలు, కొలతలు ప్రింటు తీసి పట్టుకెళ్లాను, 1:200 స్కేలులో, పద్దెనిమిది సెంటీమీటర్ల పొడుగు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ముందు నుంచి తీసిన ఫొటోనే చాలాసేపు చూసి, “ఏటి బాబూ, ఇది గుండ్రంగా లేదు కదా, గుడ్డు నిలబెట్టినట్టుంది” అన్నారు. నిజమే. ఆ విమానం అడ్డుకోత రెండు వృత్తాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించినట్టుంటుంది, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ. ఇన్నేళ్లుగా మోడళ్లు చూస్తున్న మా గ్రూపులో ఒక్కరూ ఆ మాట అనలేదు, ఆయన ఒక్క చూపులో పట్టేశారు. లేత్ మీద గుండ్రంగానే తీసి, తర్వాత రెండు పక్కలా ఉలితో సన్నగా చెక్కి, గరుకు కాగితం పట్టారు. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది, పొట్టు ఉల్లిపొరలా లేచి ఆయన మోకాళ్ల మీద పడుతోంది. ఒంటికి తెలుపు వెయ్యలేదు, లక్క కలిపితే పచ్చదనం వస్తుందని కర్ర రంగే వదిలేశారు. తోకకి, రెక్కల కింద ఇంజన్లకి మాత్రం లక్క పుల్ల అదిమి, ఆ రాపిడి వేడికి అది కరిగి అంటుకున్నాక, మొగలి ఆకు పెట్టి తిప్పుతూ మెరుపు తెచ్చారు. రెక్కలు విడిగా చేసి గూటం కొట్టారు. “దీనికి చక్రాలెట్టమంటావా, ఎగరమంటావా?” అని అడిగారు. ఎగరనీ బాబాయ్ అన్నాను.

అది డైకాస్ట్ కాదు, ఒప్పుకుంటాను. పానెల్ గీతలు ఉండవు, కాక్‌పిట్ అద్దాలకి నాలుగు నల్ల చుక్కలే. కానీ నా బీరువాలో మధ్య అరలో, ఎమిరేట్స్ ఏ380 పక్కన అదే ఉంది, ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ముందు దాని గురించే అడుగుతున్నారు. ఇంకో మాట, మన ఊరి ఉప్పుగాలికి లోహపు మోడళ్ల కాళ్ల మీద తెల్ల పొడి పడుతుంది, సిలికా పొట్లాలు పెట్టి కాపాడుకోవాలి. హుద్‌హుద్ రోజు, 2014 అక్టోబరు 12న, మా కిటికీ అద్దాలు పగిలి బీరువాలోకి నీళ్లొచ్చి పద్నాలుగు పాడయ్యాయి. కర్ర విమానానికి తడి పడదు కానీ తుప్పు భయం లేదు.

ఇదంతా మీకు రాయడానికి కారణం ఉంది. భోగాపురం విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు, బాగుంది. అక్కడ ప్రయాణికులు తిరిగే చోట ఒక్క అద్దాల బీరువా పెట్టండని అడుగుతున్నాను. డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా, ఎయిర్ కోస్టా ఎంబ్రాయర్లు రెండూ, ట్రూజెట్ ఏటీఆర్, ఈ ప్రాంతానికి ఏళ్ల తరబడి తిరిగిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 737. పక్కన మన విశాఖ నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా గుర్తుగా ఒక నేవీ విమానం. అన్నీ ఏటికొప్పాకలో చేయించండి, చిన్నవి అక్కడే అమ్మండి. ఆర్కే బీచ్‌లో టీయూ-142 మ్యూజియం 2017లో తెరిచారు, 29 ఏళ్లు నేవీలో పనిచేసిన విమానం, ఒక్క ప్రమాదం లేకుండా 30 వేల గంటలు ఎగిరింది. దాని కడుపులో తిరిగి బయటికొచ్చిన పిల్లలు ఇసుకలో కొనుక్కునేది ఏ పేరూ లేని ప్లాస్టిక్ జెట్. ఆ పిల్లల చేతిలో టీయూ-142 పెట్టడానికి మనకి చైనా అచ్చు అక్కర్లేదు, అరవై చిల్లర కిలోమీటర్ల దూరంలో చేసేవాళ్లున్నారు.

డైకాస్ట్ కంపెనీల సంగతి కూడా వదలకూడదు. వాళ్లు కొనేవాళ్ల మాట వింటారు. మూతపడిన అమెరికా సంస్థలకి అన్ని మోడళ్లు వచ్చాయంటే ఏళ్ల తరబడి అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు కాబట్టి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, అమెరికాలో ఉన్న మన వాళ్లు కలిస్తే కొన్ని వందల మంది అవ్వరా? ఎయిర్ కోస్టా ఈ190 కావాలి, ఇన్ని తీసుకుంటాం అని పేర్లతో రాస్తే కాదనే వ్యాపారి ఉండడు. మా గ్రూపులో ఏడుగురం ఆ ఉత్తరం రాయడం మొదలుపెట్టాం. మీ పాఠకుల్లో ఇష్టమున్నవాళ్లు కలవండి.

ఒక సాయం మాత్రం మీ పత్రిక ద్వారా అందరినీ అడుగుతున్నాను. మీ ఫోన్లలో, పాత కంప్యూటర్లలో ఎయిర్ కోస్టా, ట్రూజెట్ ముందు నిలబడి తీసుకున్న ఫొటోలుంటే తీసెయ్యకండి, మీ పత్రిక విశాఖ కార్యాలయానికి ఒక కాపీ పంపండి. ఇంట్లో తాతల కాలం నాటి డెక్కన్ ఎయిర్‌వేస్ టికెట్టో, ఫొటోనో ఉంటే మరీ మంచిది. నెట్‌లో ఉన్నవి చిన్నవి, పెద్దవి చేస్తే అక్షరాలు అలికినట్టవుతున్నాయి. పైగా మనం విమానం ఎక్కేది ఎడమ వైపు తలుపు నుంచి కాబట్టి మెట్ల దగ్గర నిలబడి తీసినవన్నీ ఆ వైపువే. ఏటికొప్పాక బాబాయ్ చేసిన విమానానికి ఎడమ వైపు పేరు రాయించాను, తలుపులు గీయించాను. కుడి వైపు ఇంకా ఒట్టి కర్రే ఉంది. కుడి వైపు నుంచి, ముఖ్యంగా తోక దగ్గర, స్పష్టంగా తీసిన ఫొటో ఒక్కటి ఎవరి దగ్గరున్నా పంపండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం